వాడి గుణమే అంత అనకు

తెనాలి,
ఆదివారం.

చి. సౌ. బుజ్జికి,

నువ్వు వాట్సాప్‌లో వరసగా పంపిన వాయిస్ మెసేజీలన్నీ విన్నాను. ఫోనులో జవాబు చెబితే సగం నువ్వు వింటావు, సగం నువ్వెక్కిన ఆర్టీసీ బస్సు హారన్ మింగేస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. తీరుబడిగా చదువుకో, నచ్చకపోతే పోట్లాడు.

డీఎస్సీలో ఉద్యోగం వచ్చి బళ్ళో అడుగు పెట్టావో లేదో, నాలుగో తరగతిలో ముగ్గురు నిన్ను కాల్చుకు తింటున్నారని అన్నావు. తెలుగు పాఠం మొదలవగానే పక్కవాడి జుట్టు లాగి, కేకలు పెట్టి, నువ్వు బయటకు పంపేదాకా ఊరుకోని పిల్లవాడు ఒకడు. నోటుబుక్కు తెరవకముందే "నాకు రాదు టీచర్" అనే రెండోవాడు. బోర్డు మీదిదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుని, అదే చదవమంటే నోరు విప్పని ఆడపిల్ల మూడోది. ఒకడు పొగరుబోతు, ఒకడు సోమరి, ఆ పిల్ల మొండి అని మీ స్టాఫ్ రూములో తేల్చేశారన్నావు. "పెద్దమ్మా, ఇది వీళ్ళ గుణమా, చదువు రాకపోవడం వల్ల వచ్చిందా?" అని నీ ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను. అందులో చాలావరకు, చదువు దగ్గర రోజూ పడే సిగ్గు నుంచి తప్పించుకోవడానికి వాళ్ళు కనిపెట్టుకున్న దారి. కొంత మాత్రం నిజంగానే వాళ్ళతో పుట్టింది. ఏది ఏదో తెలిసేదాకా ఎవరికీ పేరు పెట్టకు. తెలిశాక ఎలాగూ పెట్టాలనిపించదు.

అయితే ఆ ముగ్గురికీ అభ్యసన వైకల్యమే, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బందే, ఉందని నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను, నువ్వూ అక్కణ్ణుంచి చెప్పకూడదు. అది తేల్చేవాళ్ళు వేరే ఉన్నారు. మన పని చూడటం, చూసింది రాసి పెట్టుకోవడం. చూపు సరిగ్గా ఉందా, చెవులు బాగా వినిపిస్తున్నాయా అన్నది మొట్టమొదట. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు బడి తెలుగు కొత్త. మిరపకాయ కోతలకు అమ్మానాన్నలతో వలస వెళ్ళిన పిల్లలకు పాఠాలు తప్పిపోతాయి. వీళ్ళు వెనకబడితే కారణం అది కావచ్చు, వైకల్యమే అయి ఉండాలని లేదు. లెక్కల పుస్తకంలో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు కదా. ఇంగ్లీషు పేజీ దగ్గర నీళ్ళు నమిలి, తెలుగు పేజీ గడగడా చదివేస్తే ఆ తిప్పలు కొత్త భాషవి. రెండు పేజీల దగ్గరా ఒకేలా ఆగిపోతున్నాడా, అప్పుడు ఆలోచించు.

ఆ "నాకు రాదు" పిల్లవాడి కాపీ ఒకటి తెరిచి చూడు. "పుస్తకం" అనే మాట మొదటి వరసలో "పుసకం" అని ఉండొచ్చు. రెండో వరసలో "పుసత్కం". కాస్త కింద, అన్నీ కుదిరి, "పుస్తకం" అనే ఉంటుంది. "పాలు" దీర్ఘం పోగొట్టుకుని "పలు" అవుతుంది. ఒత్తు ఉందని తెలుసు, ఏ అక్షరం కింద పెట్టాలో తెలియక పక్కదాని కింద పెడతాడు. ప, ష, ఫ మూడూ వాడి చేతిలో ఒకటే. ఇప్పుడు టీచరు కంటికి ఏం కనిపిస్తుంది? ఒక్కసారి సరిగ్గా రాసిన ఆ "పుస్తకం". "వస్తుంది కదరా! శ్రద్ధ పెడితే రాయగలవు, కావాలనే రాయడం లేదు" అంటుంది. సోమరి అన్న ముద్ర సరిగ్గా ఇక్కడే పడుతుంది. నిజానికి ఒకే మాట ఒకే పేజీలో మూడు రకాలుగా రావడం ఈ ఇబ్బందికి ఒక గుర్తు. నిన్న వచ్చింది ఇవాళ రాదు, ఇవాళ వచ్చింది రేపు ఉంటుందో లేదో తెలియదు. తన తల మీద తనకే నమ్మకం లేని స్థితి అది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు దాన్ని మాటల్లో చెప్పలేడు, "నాకు రాదు" అని మాత్రం అనగలడు.

అదే పిల్లవాణ్ణి నోటితో అడుగు. వాళ్ళ నాన్న పొలానికి నీళ్ళు ఎప్పుడు పెడతాడో, మోటారు ఎందుకు కాలిపోయిందో పూసగుచ్చినట్టు చెబుతాడు. ఈ తేడా ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు పెర్సీ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తెలివైనవాడు, లెక్కలు బాగా చేస్తాడు. తన పేరు రాయమంటే మాత్రం అక్షరాలు అటూ ఇటూ అయి "ప్రెసీ" అని రాసి, తప్పు జరిగిందని కూడా గుర్తించలేదట. చదువంతా నోటితోనే సాగితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడని పాఠం చెప్పిన మాస్టారి అభిప్రాయం. మన దేశ చట్టానికి ఈ పిల్లలు కనపడటానికి ఇంకా నూట ఇరవై ఏళ్ళు పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది. అందులో వీళ్ళు లేరు. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచినప్పుడు నిర్దిష్ట అభ్యసన వైకల్యాలూ చేరాయి. మీ అమ్మా నేనూ చదువుకునే రోజుల్లో ఇలాంటి పిల్లలకు ఉన్న పేరు ఒక్కటే, మొద్దు.

ఇక వాళ్ళ ప్రవర్తన సంగతి. తెలుగు పీరియడ్లో వరసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివిస్తావు కదా. ఆ సమయంలో పుస్తకం మీద కాకుండా పిల్లల ముఖాల మీద కన్ను వెయ్యి. చదవడం రాని పిల్లవాడు పాఠం వినడు, తలలు లెక్కపెడుతుంటాడు. తన ముందు ఎంతమంది ఉన్నారో, తనకు ఏ పేరా వస్తుందో చూసుకుని, పక్కవాణ్ణి గోకి ఆ పేరా చెవిలో చెప్పించుకుని బట్టీ కొడుతుంటాడు. మధ్యలో నువ్వు "నువ్వు వద్దులే, తర్వాత నువ్వు" అని ఒకరిని దాటేశావనుకో, లెక్క తప్పిపోతుంది. రావాల్సిన పేరా ఒకటి, చేతిలో ఉన్నది ఇంకొకటి. అప్పుడు వాడి గుండె గుభేలుమంటుంది. పెన్సిలు కింద పడుతుంది, ఒంటేలు వస్తుంది, లేదా పక్కవాడి వీపు మీద దెబ్బ పడుతుంది. నీకు కనిపించేది ఆ దెబ్బ ఒక్కటే. దానికి ముందు పావుగంట సేపు వాడు పడ్డ యాతన ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

నీ మొదటివాడు ఈ బాపతే అనుకుంటాను. బయటకు పంపడం శిక్ష అని నువ్వనుకుంటున్నావు, వాడికి మాత్రం కావాల్సింది దక్కింది, చదవాల్సిన గండం తప్పింది. పిల్లల లోకంలో రౌడీకి ఉన్న మర్యాద మొద్దుకు లేదమ్మా. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఏ పిల్లవాడైనా రౌడీ పేరే తీసుకుంటాడు. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని వాడు గొడవ చేసిన ప్రతిసారీ టైమూ, అంతకు ముందు నువ్వు చెప్పిన పనీ రాసుకో. నోటిలెక్కల పీరియడ్లో, ఆటల్లో బుద్ధిగా ఉండి, చదవమన్నప్పుడూ రాయమన్నప్పుడూ మాత్రమే చెలరేగుతున్నాడని తేలితే, నువ్వు సరిచేయాల్సింది వాడి పొగరు కాదు, ఆ పీరియడ్. రోజంతా, ఎక్కడైనా, ఏ పనిలోనైనా అలాగే ఉంటే సంగతి వేరు. దాని గురించి కిందకొచ్చి రాస్తాను.

రెండోవాడు ముందే చేతులెత్తేశాడు. మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగాల గురించి టీచర్ ట్రైనింగ్ పుస్తకాల్లో చదివే ఉంటావు. ఏం చేసినా కరెంటు షాకు తప్పదని ఒకసారి అనుభవమయ్యాక, తప్పించుకునే వీలున్నప్పుడు కూడా వాటిలో చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. మన పిల్లవాడి "నాకు రాదు" అలాంటిదే. ప్రయత్నించి ఓడిపోతే మొద్దు అంటారు, ప్రయత్నించకపోతే సోమరి అంటారు. సోమరి అన్న మాటలో కనీసం "తలచుకుంటే చేయగలడు" అన్న అర్థం మిగిలి ఉంటుంది. వాడు దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు.

ఇలాంటివాణ్ణి సులువైన పనులిచ్చి మెచ్చుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. 1975లో కరోల్ డ్వెక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త లెక్కల దగ్గర ఇలా కుదేలయ్యే పిల్లలను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు అన్నీ చేయగలిగిన లెక్కలే ఇచ్చింది. రెండో జట్టుకు మధ్యమధ్య తప్పే లెక్కలూ ఇచ్చి, తప్పినప్పుడల్లా ప్రయత్నం చాలకపోవడమే కారణమని చూపించింది. తర్వాత కష్టమైన లెక్క ఎదురైతే మొదటి జట్టు ఎప్పటిలాగే నీరుగారిపోయింది, రెండో జట్టు నిలబడింది. ఓటమికి పిల్లవాడు తనలో తను ఏ కారణం చెప్పుకుంటున్నాడన్నదే అసలు విషయం.

ఒక్క జాగ్రత్త మాత్రం నా అనుభవం మీద చెబుతున్నాను. అభ్యసన వైకల్యం ఉన్న పిల్లవాడు నీకు కనిపించని కష్టం అప్పటికే చాలా పడుతుంటాడు. వాణ్ణి ఊరికే "ఇంకా కష్టపడు" అంటే పుండు మీద కారం చల్లినట్టే. పద్ధతి చూపించు. "ముందు మాటను చప్పట్లతో విడగొట్టు, తర్వాత రాయి" అను. రాశాక "శభాష్, తెలివైనవాడివి" అనేకన్నా "ఒత్తు ఎక్కడ పలుకుతోందో నోటితో అనుకుని చూసుకున్నావు, అందుకే కుదిరింది" అను. మొదటి మెచ్చుకోలు రేపు తప్పు రాయగానే చెరిగిపోతుంది. రెండోది మళ్ళీ వాడుకోవచ్చు.

ఇక ఆ ఆడపిల్ల. నాకు ఎక్కువ దిగులు దాని గురించే. గొడవ చేసేవాడు ఎవరో ఒకరి కంట పడతాడు. నోరు విప్పని పిల్ల పదో తరగతిదాకా "బుద్ధిమంతురాలు" అన్న పేరుతో నెట్టుకొచ్చేస్తుంది. 1990లో సాలీ షేవిట్జ్ బృందం అమెరికాలోని కనెక్టికట్‌లో చేసిన అధ్యయనం ఇదే తేల్చింది. చదవడంలో ఇబ్బంది ఉందని బళ్ళు పంపిన జాబితాల్లో మగపిల్లలే ఎక్కువ. పిల్లలందరికీ పరీక్ష పెట్టి చూస్తే ఆడపిల్లలకూ మగపిల్లలకూ పెద్ద తేడా లేదు. అల్లరి చేసినవాళ్ళు దొరికారు, ఊరుకున్నవాళ్ళు దొరకలేదు. బోర్డు మీది అక్షరాలు బొమ్మ గీసినట్టు దింపడం చదవడం కాదు. అది ఆ పిల్ల తనకు తాను వేసుకున్న ముసుగు. కాపీ అందంగా ఉన్నంతకాలం ఎవరూ చదవమని అడగరని దానికి తెలుసు. పొద్దున్నే కడుపునొప్పి అంటోందా, ఆదివారం సాయంత్రం నుంచే ముభావంగా ఉంటోందా, చిన్న కొట్టివేత పడినా పేజీ చించేస్తోందా అని వాళ్ళమ్మను అడుగు. ఈ పిల్లల్లో భయం కడుపునొప్పిగానూ తలనొప్పిగానూ బయటపడటం మామూలే. నటన అనుకోకు, నొప్పి నిజంగానే ఉంటుంది.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అనే సామెత ఆ తల్లి నోట వినిపించినా ఆశ్చర్యపోకు. బడిలో పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఇంటికి వెళ్ళగానే చెల్లెలి మీదో కంచం మీదో విరుచుకుపడుతుంది. ఇంట్లో వాళ్ళకు పెంకితనంలా కనిపిస్తుంది. పిల్లకు మాత్రం వాళ్ళమ్మ దగ్గరే తెగించే ధైర్యం ఉంది.

పుట్టుకతో వచ్చిన భాగం గురించి కిందకొచ్చి రాస్తానన్నాను. ఈ పిల్లల్లో చాలామందికి అభ్యసన వైకల్యంతోపాటు ఏడీహెచ్‌డీ కూడా ఉంటుంది. నిలకడ లేకపోవడం, మాట పూర్తికాకముందే అందుకోవడం, తొందర. అది సిగ్గు వల్ల వచ్చింది కాదు, ఆటలోనూ కనిపిస్తుంది, అన్నం దగ్గరా కనిపిస్తుంది. రోజంతా అలాగే ఉండే పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించమనాలి. ఇంకొందరికి ఎదుటివాడి గొంతులో వేళాకోళం పట్టుబడదు, ఆట నియమాలు గబగబా చెబితే అందవు, నలుగురు మాట్లాడుకుంటుంటే ఎక్కడ దూరాలో తెలియదు. కవేల్, ఫోర్‌నెస్ అనే ఇద్దరు 1996లో 152 అధ్యయనాలను కలిపి చూసి, ఈ పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తోటివాళ్ళతో మెలిగే తీరులో ఏదో ఒక లోటు కనిపిస్తోందని తేల్చారు. ఆ లెక్కను రెండు వైపుల నుంచీ చదువు. ముగ్గురికి స్నేహాల దగ్గర సాయం కావాలి, పాఠం ఒక్కటే చాలదు. నాలుగోవాడు మాత్రం బ్రహ్మాండంగా కలిసిపోతాడు. కాబట్టి అభ్యసన వైకల్యం ఉన్నవాడి స్వభావం ఇలా ఉంటుందని అచ్చు పోసి చెప్పడానికి లేదు. అక్షరం ముక్క రాకపోయినా నవ్వుతూ తుళ్ళుతూ ఊరందరికీ చుట్టమైపోయే పిల్లల్ని నేను చూశాను. వాళ్ళకు సాయం అక్కర్లేదని కాదు, వాళ్ళు తట్టుకుంటున్నారంతే.

దీనికి ఎదురు వాదన ఒకటి బాగా చెలామణీలో ఉంది. 2007లో "తారే జమీన్ పర్" సినిమా వచ్చాక, చదవడంలో ఈ ఇబ్బందికి పేరైన డిస్లెక్సియా అన్న మాట మన ఇళ్ళలోకీ వచ్చింది, మంచిదే. దానితోపాటే ఇలాంటి ప్రతి పిల్లవాడిలోనూ ఒక చిత్రకారుడో శాస్త్రవేత్తో దాగి ఉంటాడన్న నమ్మకం కూడా వచ్చింది. తల్లిదండ్రుల దగ్గర ఐన్‌స్టీన్ పేరు ఎత్తకు. ఆయనకు ఈ ఇబ్బంది ఉండేదనడానికి గట్టి ఆధారమే లేదు. ఏ విద్యా ప్రత్యేకంగా లేని మామూలు పిల్లవాడికి కూడా మర్యాదగా బతికే హక్కుంది. వెలితిని పూడ్చడానికి గొప్పతనం ఉండి తీరాలంటే, అది వాడి నెత్తిన ఇంకో బరువు.

పెద్దయ్యాక వీళ్ళు ఏమవుతారని అడిగావు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఫ్రాస్టిగ్ కేంద్రం అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలను ఇరవై ఏళ్ళపాటు గమనిస్తూ వచ్చి 1999లో ఫలితాలు చెప్పింది. జీవితంలో నిలదొక్కుకున్నవాళ్ళను వేరు చేసినవి ఐక్యూ, మార్కుల కన్నా ఆరు గుణాలని తేలింది: తన ఇబ్బంది తనకు తెలిసి ఉండటం, తన బతుకు పగ్గాలు తనే పట్టుకోవడం, పట్టుదల, అందుకోగల లక్ష్యం పెట్టుకోవడం, అండగా మనుషులు ఉండటం, మనసు కలత పడినప్పుడు తట్టుకునే దారి తెలియడం. నాకు మొదటిదే ముఖ్యమనిపిస్తుంది. బాగుపడ్డవాళ్ళకు ఇబ్బంది పోలేదు. "నాకు చదవడం కష్టం" అన్న దాన్ని ఒక మూలకు పరిమితం చేసి, "నేను పనికిరానివాణ్ణి" అనేదాకా పోనివ్వలేదు. నాలుగో తరగతిలో నువ్వు చేయగలిగింది అదే, ఆ రెండు వాక్యాల మధ్య గోడ కట్టడం. గుణం అంటే పుట్టుకతో వచ్చేదే అనుకుంటాం కానీ, ఈ ఆరింటిలో చాలావరకు బడిలో నేర్పదగ్గవే.

గోడ కట్టడమెలాగంటావా. చెప్పాపెట్టకుండా లేపి చదివించకు. రేపు చదవాల్సిన రెండు వాక్యాలు ఇవాళే చూపించి ఇంటికి పంపు. వచ్చిన జవాబు నోటితో చెప్పినా మార్కు వెయ్యి. పేజీ అంతా ఎర్రసిరాతో నింపకుండా ఈ వారం దీర్ఘాలు, వచ్చే వారం ఒత్తులు అని ఒక్కటే దిద్దు. జట్లు వేసేటప్పుడు "మీ ఇష్టం వచ్చినవాళ్ళను ఎంచుకోండి" అనకు, చివరిదాకా మిగిలిపోయేది ఎప్పుడూ వీళ్ళే. ఒక పని అప్పజెప్పు, కానీ నిజంగా అవసరమైన పని. మధ్యాహ్న భోజనం లెక్క చెప్పడమో, బడితోట చూసుకోవడమో. జాలిపడి ఇచ్చిన పని పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఆ స్టాఫ్ రూము మాటలున్నాయే, వాటి విషయంలో కాస్త గట్టిగానే ఉండు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "మట్టిబుర్ర" అని పదిమందిలో అనడం దాని కిందకే వస్తుంది. సీనియర్లతో తగువు వద్దు కానీ, నీ తరగతి గదిలో ఆ మాట వినపడకూడదు. నీ నోట అసలు రాకూడదు. కోపం వస్తుంది, ఎందుకు రాదు? చెప్పిందే చెప్పి గొంతు పోయాక వాడు మళ్ళీ "పలు" అని రాస్తే మనకే అవమానంలా ఉంటుంది. అప్పుడు కాపీ మూసి, రేపు చూద్దామని చెప్పి పక్కకు వెళ్ళు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ మొదలుపెట్టకు. విడిగా పిలిచి, ముందు పిల్లవాడు బాగా చేసేది ఒకటి చెప్పు, తర్వాత నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. జబ్బు పేరు చెప్పకు. కొందరు తండ్రులు వినగానే మండిపడతారు. "మొక్కై వంగనిది మానై వంగునా, నాలుగు తగిలించండి టీచర్" అంటారు. ఈ ఇబ్బంది కుటుంబాల్లో దిగివస్తుంటుంది. ఆ తండ్రీ ఏడో తరగతిలో బడి మానేసి ఉండొచ్చు, తను తిన్న దెబ్బలే కొడుక్కీ మందనుకుంటూ ఉండొచ్చు. అతనితో వాదించకు. "మీకు చదువు ఎలా ఉండేదండీ?" అని నెమ్మదిగా అడిగి చూడు. కొందరు తమ బాల్యం గురించి మొదటిసారి నోరు విప్పుతారు. అక్కణ్ణుంచి దారి సులువవుతుంది.

పరీక్ష చేయించే దారి కూడా తెలుసుకో. కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ళప్పుడు గానీ టీచర్లే తొలి పరిశీలన చేయాలని ఉండేది. తర్వాత నిపుణులు ఐక్యూ చూసి, బెంగళూరు నిమ్‌హాన్స్ రూపొందించిన పరీక్షలు పెడతారు. ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్టు, 14 ఏళ్ళకూ 18 ఏళ్ళకూ మళ్ళీ చూడాలి అని అందులోనే ఉండేది; ఇప్పటి నిబంధన ఏమిటో కనుక్కో. మీ మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠం చెప్పే ఐఈఆర్పీని కలువు. వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం క్యాంపు ఎప్పుడో, జిల్లా ఆస్పత్రిలో ఎవరిని కలవాలో వాళ్ళకు తెలుస్తుంది. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకు కూడా నువ్వు రాసుకున్న పుస్తకం చూపించు. సర్టిఫికెట్టు అంటే పిల్లకు ముద్ర వేయించడమని తల్లులు జంకుతారు. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు దాని మీదే ఆధారపడి ఉంటాయని చెప్పు. సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. మన పదో తరగతి బోర్డు ఉత్తర్వు ఏమంటోందో మీ హెచ్చెమ్ దగ్గర చూసుకో.

పిల్లవాడికీ నిజం చెప్పాలి, వాడికి అందే మాటల్లో. "నీ బుర్ర బాగానే ఉంది. అక్షరాలు పట్టుకోవడానికి దానికి కాస్త ఎక్కువ సేపు కావాలి, వేరే పద్ధతి కావాలి. ఆ పద్ధతి మనిద్దరం కలిసి వెతుకుదాం." ఇంతే చాలు. తనలో ఏదో లోపం ఉందని వాడికి ముందే తెలుసు. అదేమిటో తెలియకపోవడమే వాణ్ణి తినేస్తుంటుంది.

ఎప్పుడైనా "నేను చచ్చిపోతే బాగుండు" లాంటి మాట వచ్చినా, తిండీ ఆటా రెండూ మానేసినా, దాన్ని చదువు బాధగా సరిపెట్టకు. ఇంట్లో వాళ్ళకు ఆ రోజే చెప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొక్క సంగతి. ఇప్పటి నుంచే మనసులో పెట్టుకో. అయిదో తరగతి దాటగానే వీళ్ళు హైస్కూలుకు వెళతారు. ఇక్కడ వీళ్ళను ఎరిగిన టీచరువి నువ్వొక్కతివే ఉన్నావు. అక్కడ సబ్జెక్టుకు ఒక మాస్టారు, పీరియడ్ పీరియడ్‌కూ మొహం మారుతుంది. నువ్వు రెండేళ్ళు తంటాలు పడి మాన్పించిన పేర్లు అక్కడ వారం రోజుల్లో మళ్ళీ అంటుకుంటాయి. అందుకని ఒక్కొక్కరికి ఒక పేజీ రాసి పెట్టు: వీడికి ఏది వచ్చు, ఎక్కడ ఆగిపోతాడు, ఏం చేస్తే చెలరేగుతాడు, ఏం చేస్తే కుదురుకుంటాడు. టీసీతోపాటు ఫైలులో పెడితే ఎవరూ చదవరు. ఒక పూట సెలవు పెట్టుకుని వెళ్ళి, ఆరో తరగతి క్లాసు టీచరును కలిసి, చేతికిచ్చి, చదివేదాకా ఎదురుగా కూర్చుని రా.

ఆ ఆడపిల్లకు ఏం రాస్తావో ముందు నాకు పంపు. ఇద్దరం కలిసి దిద్దుదాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ